గ్రామసభలో మీ సంఘం మాట తీర్మానం దాకా తీసుకెళ్లడం ఎలా?

"అక్కా, గ్రామసభకు పోయినాం, గట్టిగానే చెప్పినాం. ఆర్నెల్లయింది, ఏమీ కాలేదు. ఇప్పుడేం చెయ్యాల?"

మా నెల్లూరు జిల్లాలో కలిగిరి నుంచి, వింజమూరు నుంచి, జలదంకి నుంచి పొదుపు సంఘాల వాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఇదొక్కటే. నేను తిరిగి ఒకటే అడుగుతా: "తీర్మానం పుస్తకంలో ఏం రాశారో చూశారా?" అవతల మాట ఉండదు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

నేనేం పుట్టుకతో నేర్చుకోలేదు. మొదటిసారి ఒక ఊరి సంఘంతో కలిసి పదకొండు సమస్యలు రాసుకుని సభకు వెళ్లాం. రోడ్డు, కాలువ, వీధిలైట్లు, పింఛన్లు, శ్మశానానికి దారి, అన్నీ. గంటసేపు మాట్లాడాం, చప్పట్లు కూడా కొట్టారు. రెండు నెలల తర్వాత పుస్తకం తెరిపిస్తే అందులో ఉన్నది ఒకే వాక్యం: "గ్రామ సమస్యలపై చర్చించడమైనది." పదకొండు సమస్యలూ ఆ ఒక్క వాక్యంలోకి పోయాయి.

ముందు ఇవి సిద్ధం చేసుకోండి

- ఇరవై మందికి తగ్గని గుంపు. పొదుపు సంఘం, గ్రామ సమాఖ్య, యువజన సంఘం, రైతు సంఘం, ఏదైనా సరే. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే.
- ఒక రూళ్ల నోటుబుక్కు, రెండు పెన్నులు.
- ఫోటోలు తీయగలిగే ఫోను.
- ఓటర్ల జాబితాలో మీ వీధి పేజీ. ఊళ్లోని గ్రామ సచివాలయంలో చూసుకోవచ్చు.
- రెండు నెలల ఓపిక. ఇది లేకపోతే పైవన్నీ ఉన్నా లాభం లేదు.

1. ఒక్క సమస్యే పట్టుకోండి

1992లో దూబగుంట ఆడవాళ్లు సారా వేలంపాటను అడ్డుకున్నప్పుడు వాళ్లకు కష్టాలు కరువా? కూలి రేట్లున్నాయి, నీళ్లున్నాయి, బడి ఉంది. అడిగింది మాత్రం ఒక్కటే: మా ఊళ్లో సారా వద్దు. ఆ ఒక్క మాట జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. మన జిల్లాలోనే జరిగింది కాబట్టి వేరే ఉదాహరణ వెతకాల్సిన పని లేదు.

ఎంచుకోవడానికి చింతగింజలు చాలు. సమస్యల బొమ్మలు కాగితాల మీద గీసి నేల మీద పరచండి. కుళాయి, కరెంటు స్తంభం, బురద రోడ్డు, ఇట్లాంటివి. ఒక్కొక్కరికి మూడు గింజలు ఇవ్వండి. ఎవరికి ముఖ్యమనిపించిన బొమ్మ మీద వాళ్లు పెడతారు. చదువు రానివాళ్లూ, మాట్లాడటానికి మొహమాటపడేవాళ్లూ కూడా గింజ పెడతారు. చేతులెత్తమంటే మాత్రం లీడరు చెయ్యి ఎటు లేస్తే అందరి చేతులూ అటే లేస్తాయి.

హెచ్చరిక: గింజలు లెక్కపెట్టాక "అది కాదులే, రోడ్డు పెట్టుకుందాం" అని లీడరు మార్చేశారంటే ఆ గుంపు సభకు రాదు. ఎక్కువ గింజలు పడ్డదే తీసుకోండి.

2. అది ఎవరి చేతిలో ఉందో తెలుసుకోండి

వీధిలైట్లు, మురుగు కాలువలు, చెత్త, ఊరి అంతర్గత నీటి సరఫరా పంచాయతీవి. కొత్త ట్యాంకు, పెద్ద పైపులైను అయితే గ్రామీణ నీటి సరఫరా శాఖ. కరెంటు తీగలు, ట్రాన్స్‌ఫార్మరు విద్యుత్ శాఖ. రేషను తహసీల్దారు వైపు. సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటును అడిగితే ఐదు నిమిషాల్లో చెప్తారు. పంచాయతీ చేతిలో లేనిదైనా గ్రామసభ తీర్మానం చేసి ఆ శాఖకు పంపవచ్చు, కాబట్టి నిరుత్సాహపడకండి. తీర్మానంలో ఎవరికి పంపాలో ఆ శాఖ పేరు మాత్రం ఉండాలి.

డబ్బు సంగతి కూడా అప్పుడే అడగండి. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలని షరతు ఉండేది. మీరు అడిగే సమయానికి పంచాయతీ ఖాతాలో ఏ గ్రాంటు కింద ఎంత ఉందో, దానికి ఏ షరతులున్నాయో కార్యదర్శి దగ్గర రాసుకోండి. ఏ పద్దు కింద అడుగుతున్నారో చెప్పగలిగితే "నిధుల్లేవు" అనే మాట అంత తేలిగ్గా అనలేరు.

3. లెక్క రాయండి

గెలుపోటములు తేలేది ఇక్కడే, అందుకే దీని మీద ఎక్కువ రాస్తున్నా.

"నీళ్లు సరిగా రావట్లేదు" అంటే ఎవరూ వినరు. ప్రతి ఊళ్లో ప్రతి సభలో అదే మాట. లెక్క చెప్తే వింటారు. ఒక స్టీలు బిందె తీసుకోండి. లీటరు సీసాతో పోసి ఎన్ని లీటర్లు పడుతుందో కొలిచి, అడుగున మార్కరుతో రాయండి. కొలతలన్నీ ఆ బిందెతోనే. ట్యాంకుకు దగ్గరగా ఉన్న కుళాయి దగ్గర ఒకరు, వీధి చివరి కుళాయి దగ్గర ఒకరు నిలబడండి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని బిందె నిండడానికి ఎంతసేపు పట్టిందో రాయండి. నీళ్లు ఎన్ని గంటలకు వచ్చాయి, ఎన్ని గంటలకు ఆగాయి, ఆ చివరి ఇంటికి ఎన్ని బిందెలు దక్కాయి, ఇవి కూడా. వరుసగా మూడు రోజులు చేయండి. ఒక్కరోజు లెక్క చూపిస్తే "ఆరోజు కరెంటు లేదమ్మా" అంటారు.

మెట్ట మండలాల్లో ఒక ఊరి ఎస్సీ కాలనీలో ఇట్లా కొలిస్తే ట్యాంకు పక్క ఇంట్లో బిందె నిమిషంన్నరలో నిండింది. చివరి కుళాయి దగ్గర పదకొండు నిమిషాలు పట్టింది. ఎందుకని పైపు వెంట నడుచుకుంటూ పోతే మధ్యలో మూడిళ్లలో కుళాయికి మోటార్లు బిగించి ఉన్నాయి. మూడింటిలో ఒకటి సంఘం లీడరు ఇంటిదే. ఆ సాయంత్రం వేపచెట్టు కింద చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఆమే లేచి, "నా మోటారు రేపు తీయించేస్తా, మిగతా ఇద్దరి సంగతి సభలో మాట్లాడదాం" అంది. మీ లెక్కలో మీ వాళ్ల తప్పు బయటపడితే సభకు ముందే సరిచేసుకోండి. లేదంటే ఎదుటివాళ్లు సభలో మొదట తీసేది అదే.

తాగే నీటిలో ఫ్లోరైడ్ అనుమానం ఉంటే జల్ జీవన్ మిషన్ కింద పరీక్ష కిట్ గురించి సచివాలయంలో అడగండి. ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు ఆ కిట్ వాడటం నేర్పాలన్నది ఆ పథకంలోనే ఉంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. కిట్‌లో కనిపించే రంగు ఒక అంచనా మాత్రమే. ఎక్కువ చూపిస్తే అదే బోరు నీళ్లు శుభ్రమైన సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపమని రాసివ్వండి. సభలో చూపాల్సింది ఆ ప్రయోగశాల కాగితం.

సమస్య నీళ్లు కాకపోయినా పద్ధతి ఇదే. వీధిలైట్లయితే స్తంభాలకు నంబర్లు వేసి ఏది వెలగట్లేదో రాయండి. రోడ్డయితే అడుగులు కొలవండి.

4. సభకు పది రోజుల ముందే అర్జీ ఇవ్వండి

చట్టం ప్రకారం గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలి. ఇవి కాక ప్రభుత్వం ప్రత్యేకంగా పెట్టేవి ఉంటాయి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు ఉపాధి హామీ పనుల కోసం సభలు పెట్టారు. తేదీ కార్యదర్శికి ముందే తెలుస్తుంది. టముకు వేసేదాకా ఆగకండి. కొన్ని ఊళ్లలో టముకు ఊరి నడిబొడ్డునే ఆగిపోతుంది, కాలనీ దాకా రాదు.

అర్జీ ఇట్లా రాయండి:

"పంచాయతీ కార్యదర్శి గారికి, నకలు: సర్పంచ్ గారికి.
విషయం: రాబోయే గ్రామసభ ఎజెండాలో తాగునీటి అంశం చేర్చుట గురించి.
మా కాలనీ చివరి వీధిలోని 22 ఇళ్లకు నీరు సరిగా అందడం లేదు. మూడు రోజులు కొలిచిన వివరాలు జత చేశాము. ఈ అంశాన్ని గ్రామసభ ఎజెండాలో చేర్చి, మా సభ్యులకు మాట్లాడే అవకాశం ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.
జతపరిచినవి: కొలతల పట్టిక, ఫోటోలు, 22 మంది సంతకాలు లేదా వేలిముద్రలు."

రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. "నేను చూసుకుంటాలేమ్మా, ముద్ర ఎందుకు" అంటే, "మా సంఘం మినిట్స్ బుక్కులో అంటించాల సార్, లేకపోతే మావాళ్లు నమ్మరు" అనండి. అది నిజం కూడా, గొడవా ఉండదు.

సర్పంచ్ ఆడమనిషి అయితే అర్జీ ఆమె చేతికే ఇవ్వండి. ఆమె భర్త ఇంట్లో ఉన్నా సరే, "మేడం గారికే ఇయ్యాల" అని ఆగండి. సర్పంచ్ పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారి ఉంటే అర్జీ ఆయన పేరున ఇవ్వండి. అర్జీ ఏ పార్టీ లెటర్‌హెడ్ మీదా ఉండకూడదు. ఆ ఒక్క కారణంతోనే మంచి పనులు ఆగిపోవడం నేను చూశాను.

మీరు పొదుపు సంఘం అయితే ఇంకో దారి కూడా ఉంది. గ్రామ సమాఖ్య తయారుచేసే గ్రామ ప్రణాళికలో (వీపీఆర్‌పీ, మొదట్లో పేదరిక నిర్మూలన ప్రణాళిక అనేవారు) ఈ పనిని పెట్టించండి. అది పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో కలవాలి. సాధారణంగా ఏటా అక్టోబరు 2 నుంచి కొన్ని నెలలపాటు నడిచే ప్రణాళిక ప్రచారంలో ఈ పని జరుగుతుంది. ఆ గడువు దాటిందంటే చాలావరకు ఇంకో ఏడాది ఆగాల్సిందే.

5. సభకు జనాన్ని తీసుకెళ్లండి

పొగాకు పనుల రోజుల్లో పొద్దున పదింటికి సభ పెడితే ఎవరు వస్తారు? కూలి పోగొట్టుకుని రమ్మనే హక్కు మనకు లేదు. సాయంత్రం పెట్టమని ముందే రాసివ్వండి. అది కుదరకపోతే ఇంటికొకరు చొప్పున వంతులు వేసుకోండి.

సభ ఎక్కడ పెడుతున్నారో కూడా చూడండి. గుడి అరుగు మీదో, పెద్దాయన ఇంటి వసారాలోనో పెడితే ఎస్సీ కాలనీ నుంచి, యానాదుల కాలనీ నుంచి వచ్చేవాళ్లు తగ్గిపోతారు. వచ్చినా వెనక నిలబడతారు. బడి ఆవరణ అడగండి.

పొదుపు సంఘాల పనులు చూసే యానిమేటర్లకు ఒక మాట: "రాకపోతే లోను రాదు" అని బెదిరించి తీసుకొచ్చిన జనం సంతకం పెట్టి వెళ్లిపోతారు. అట్లాంటి వందమంది కంటే విషయం తెలిసిన పాతికమంది మేలు.

ముందురోజు రాత్రి ఒకసారి ఆడి చూసుకోండి. ఒకరు సర్పంచ్, ఒకరు కార్యదర్శి అనుకోండి. నవ్వులాటగానే ఉంటుంది, భయం మాత్రం అక్కడే పోతుంది. మాట్లాడేది ఇద్దరే: ఒకరు సమస్య చెప్పాలి, ఒకరు లెక్క చదవాలి. మూడో మనిషి మాట్లాడకూడదు, తీర్మానం రాసేటప్పుడు పుస్తకం పక్కన నిలబడాలి. ఈ మూడో మనిషికి చదువు వచ్చి ఉండాలి, కొంచెం మొండితనమూ ఉండాలి.

6. తీర్మానం మాటలు మీరే రాసి తీసుకెళ్లండి

సభలో రెండు నిమిషాలకు మించి మాట్లాడకండి. అవినీతి, పాత గొడవలతో మొదలుపెట్టకండి. సమస్య, లెక్క, ఏం కావాలో చెప్పి, మీరు రాసుకొచ్చిన తీర్మానం కాగితం చదవండి. ఈ రెండూ పోల్చి చూడండి.

పనికిరానిది: "కాలనీలో తాగునీటి సమస్యపై చర్చించి, తగు చర్య తీసుకొనుటకు తీర్మానించడమైనది."

పనికొచ్చేది: "ఎస్సీ కాలనీ చివరి వీధిలోని 22 ఇళ్లకు ఓవర్‌హెడ్ ట్యాంకు నుండి విడిగా పైపులైను, ఒక వాల్వు ఏర్పాటు చేయుటకు, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారి ద్వారా 30 రోజుల్లో అంచనా తయారు చేయించుటకు, ఖర్చును పంచాయతీ తాగునీటి నిధుల నుండి భరించుటకు, ఈ పనిని వచ్చే ఏడాది పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. బాధ్యత: పంచాయతీ కార్యదర్శి."

ఎక్కడ, ఏ పని, ఎవరు, ఏ డబ్బు, ఎప్పటికి. ఈ ఐదింటిలో ఒకటి తప్పినా పని అక్కడే ఆగిపోవచ్చు. "తగు చర్య", "పరిశీలించవలసినదిగా", "నిధుల లభ్యతను బట్టి" అనే మాటలు కనబడితే మూడో మనిషి అక్కడే అడగాలి: "సార్, తేదీ కూడా వేస్తే బాగుంటుంది." అన్నీ ఒప్పుకోకపోవచ్చు. నిధుల దగ్గర పట్టు సడలించినా ఫర్వాలేదు, గడువు, బాధ్యత మాత్రం వదలకండి.

ఎవరైనా అడ్డం తిరిగితే వాదానికి దిగకండి. "మీ వీధి లెక్క కూడా కొలుద్దాం రండి" అని పిలవండి. నేను చూసినంతలో సగం మంది చల్లబడతారు, మిగతావాళ్లను మరుసటిరోజు కాఫీ దగ్గర చూసుకోవచ్చు.

7. సంతకం పెట్టేముందు

అందరూ చేసే తప్పు ఇదే: సభకు రాగానే పుస్తకం తిప్పుతారు, అందరూ సంతకాలు పెడతారు, తీర్మానాలు తర్వాత తీరిగ్గా రాస్తారు. ఖాళీ పేజీ కింద సంతకం పెట్టకండి. "హాజరు పట్టీలో పెడతాం సార్, తీర్మానం రాశాక చదివి వినిపిస్తే దాని కింద పెడతాం" అనండి. చదివించుకోండి. చివరి వాక్యం కింద గీత కొట్టించండి, ఖాళీ వదలకుండా. ఆ పేజీని ఫోన్లో ఫోటో తీసి అక్కడే నలుగురికి పంపండి. ఒక్క ఫోన్లోనే ఉంటే ఆ ఫోను పాడైనరోజు సాక్ష్యమూ పోతుంది.

ఫోటో తీయనివ్వకపోతే పేచీ వద్దు. మరుసటి రోజు సంతకాలతో నకలు కోసం అర్జీ పెట్టండి.

8. వెంటపడండి

తీర్మానం అయిందని సంబరపడి ఇంటికెళ్లి పడుకుంటే అది పుస్తకంలోనే ఉంటుంది. పదిహేను రోజులకు ఇద్దరు వెళ్లి అడగండి: తీర్మానం ఎంపీడీఓ ఆఫీసుకు వెళ్లిందా, ఏ తేదీన? ఏఈ వచ్చి కొలతలు తీశారా? అంచనా ఎంత? ప్రతిసారీ వేరే ఇద్దరు వెళ్లాలి. ఒకే మనిషి తిరిగితే "ఆమె ఎప్పుడూ ఇంతే" అని పేరు పెడతారు.

ప్రణాళికలో పని చేరిందో లేదో ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైటులో మీ జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుని మీరే చూడవచ్చు. ఊళ్లో ఇంటర్ చదివే పిల్లలకు అప్పజెప్పండి, క్షణంలో తీస్తారు.

నెల దాటినా కదలిక లేకపోతే 1100కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి నంబరు రాసుకోండి. లేదా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. నెల్లూరులో అయితే తిక్కన ప్రాంగణంలో. పదిమంది బస్సు ఛార్జీలు పెట్టుకుని వెళ్లనక్కర్లేదు, ఇద్దరు చాలు. తీర్మానం నకలు, ముద్ర పడ్డ అర్జీ తప్పనిసరి. ఫిర్యాదు "పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తే, ఊళ్లో పని జరగకపోతే, మళ్లీ తెరిపించమని అడగండి. చాలామంది ఆ మెసేజ్ చూసి ఊరుకుంటారు.

ఆఖరిది సమాచార హక్కు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుం లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. "ఎందుకు చేయలేదు" అని అడగకండి, దానికి జవాబు రాదు. "ఫలానా తేదీ గ్రామసభ తీర్మానం నకలు, దానిపై తీసుకున్న చర్య కాగితాల నకళ్లు, అంచనా నకలు ఇవ్వగలరు" అని కాగితాలు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు. నా అనుభవంలో దరఖాస్తు పెట్టిన వారంలోనే సగం పనులు కదులుతాయి. అయినా మొదటి ఆయుధంగా వాడకండి. రోజూ మొహాలు చూసుకునే ఊళ్లో కార్యదర్శితో తగువు పెట్టుకుంటే మీ తర్వాతి అర్జీకి కష్టం.

సభే పెట్టకపోతే?

పెట్టినట్టు రాసుకుని పెట్టని సందర్భాలూ ఉంటాయి. ఓటర్ల సంతకాలతో సభ పెట్టమని కార్యదర్శికి రాసి, నకలు ఎంపీడీఓకు ఇవ్వండి. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు కొత్త పనులు మంజూరు కావు. అప్పుడు కొలతల పని చేసుకోండి, కాలం వృథా కాదు.

తీరం వైపు ఊళ్ల వాళ్లు ఫ్యాక్టరీల ప్రజాభిప్రాయ సేకరణ గురించి కూడా అడుగుతున్నారు. అది గ్రామసభ కాదు, 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద జరిగేది. పత్రికలో కనీసం 30 రోజుల ముందు ప్రకటన రావాలి, నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి, సభ చివర జరిగిందంతా తెలుగులో చదివి వినిపించాలి. అక్కడా చేయాల్సింది ఇదే: మాట్లాడేదంతా రాసి, ప్రతి ఇచ్చి, ముద్ర వేయించుకోవడం. చివర చదివేటప్పుడు మీ మాట ఉందో లేదో విని, లేకపోతే అక్కడికక్కడే లేచి అడగడం.

పని అయిందని ఎప్పుడు అనుకోవాలి?

పైపు వేశారని కాదు, శిలాఫలకం పెట్టారని కాదు, పేపర్లో ఫోటో వచ్చిందనీ కాదు. అడుగున మార్కరుతో లీటర్లు రాసిన ఆ బిందె దాచారు కదా, దాన్నే మళ్లీ చివరి కుళాయి కింద పెట్టండి. వరుసగా మూడు రోజులు, అదే సమయానికి. ఆ అంకెలు పాత పేజీ పక్కనే రాయండి. నేను చెప్పిన ఆ కాలనీలో ఇప్పుడు మూడు నిమిషాలు పడుతోంది. ఎండాకాలంలో మళ్లీ కొలుస్తామన్నారు.